కర్ర తెల్లబడి పీచులా ఊడిపోతోంది, ఇదేం కుళ్లు?

అడవివరం తోట

అందరికీ నమస్తే. మా ఇల్లు సింహాచలం కొండ కింద, అడవివరం వైపు. పెరట్లో కూలిపోయిన మామిడి మొద్దు చాన్నాళ్లుగా అలాగే పడి ఉంది. ఈ వానలకి దాని నిండా పలుచటి అట్టముక్కల్లాంటి పుట్టగొడుగులు వరసలు వరసలుగా వచ్చాయి. కాడ లేదు, నేరుగా బెరడుకే అతుక్కుని ఉన్నాయి. బెరడు తీసి చూస్తే లోపలి చెక్క తెల్లబడిపోయింది. వేలితో లాగితే పీచులా వచ్చేస్తోంది.

నా సందేహం ఏంటంటే, మా బాత్రూమ్ గుమ్మం కూడా కింద పాడైంది. కానీ అది తెల్లబడలేదు. ముదురు గోధుమరంగుకి మారి, అడ్డంగా నిలువుగా బీటలు వేసి, చిన్న చిన్న పెళ్లలుగా విరుగుతోంది. నలిపితే పొడి అయిపోతోంది. రెండూ తడికి పాడైన కర్రలే కదా, ఇంత తేడా ఎందుకుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గాజువాక వడ్రంగి

చెద మాత్రం కాదండీ. చెద పడితే మట్టి గొట్టాలు కనిపిస్తాయి, లోపల గుల్ల చేసి మట్టి నింపుతుంది. మీరు చెప్పేది తడి కుళ్లు.

గుమ్మం ఏ కర్రతో చేయించారు? పోర్టుకి మెషినరీ వచ్చే ప్యాకింగ్ పెట్టెల కర్ర మా వైపు డిపోల్లో చవగ్గా దొరుకుతుంది. అది పైన్. చాలామంది టేకు రేటు చూసి దానికి వెళ్తారు. పొడిగా ఉండే చోట బాగానే ఉంటుంది కానీ, నీళ్లు తగిలే చోట మీరు చెప్పినట్టే పెళ్లలు పెళ్లలుగా పోతుంది. టేకు, మద్ది, వేప అలా పెళ్లలుగా విరగడం నేను అరుదుగా చూశాను. కారణం నాకు తెలియదు, చూసింది చెప్తున్నాను.

అడవివరం తోట

అవునండీ, పెట్టె కర్రే అన్నారు. అయితే కర్ర రకాన్ని బట్టి కుళ్లు మారుతుందా?

వృక్షశాస్త్రం మాస్టారు

వడ్రంగి గారి పరిశీలన చాలా విలువైనది. ఆయన చూసింది ముమ్మాటికీ నిజం, దాని వెనక కారణం కూడా ఉంది. రిటైరయ్యేదాకా పిల్లలకి ఇదే పాఠం చెప్పినవాణ్ణి, కొంచెం ఓపిగ్గా చదవండి.

కర్రలో ముఖ్యంగా మూడు పదార్థాలు ఉంటాయి. సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్. మొదటి రెండూ చక్కెర అణువులు గొలుసుగా అల్లుకున్నవి. తినదగ్గ తిండి అదే. మూడోదైన లిగ్నిన్ కర్ర బరువులో సుమారు 20 నుంచి 30 శాతం ఉంటుంది. అది సెల్యులోజ్ పోగుల చుట్టూ, మధ్యలో నిండిపోయి వాటిని గట్టిగా పట్టుకుని ఉంటుంది. చెట్టు నిటారుగా నిలబడటానికీ, నీళ్లు పైకి ఎక్కే గొట్టాలు నలిగిపోకుండా ఉండటానికీ అదే ఆధారం. రంగు గోధుమ. కర్రకి ఆ ఛాయ రావడంలో దాని పాత్ర ఎక్కువ.

ఇప్పుడు మీ రెండు కర్రల సంగతి. మొద్దు మీద ఉన్నది తెల్లకుళ్లు శిలీంధ్రం. అది లిగ్నిన్‌ని విరగ్గొడుతుంది. గోధుమ రంగు పదార్థం పోతే మిగిలేది తెల్లటి సెల్యులోజ్ పీచు. అందుకే తెలుపు, అందుకే పీచు. గుమ్మాన్ని పట్టింది గోధుమకుళ్లు శిలీంధ్రం. అది లిగ్నిన్‌ని కాస్త మార్చి దాదాపు అలాగే వదిలేసి, చక్కెర గొలుసులని తినేస్తుంది. పీచు పోయింది కాబట్టి పట్టు ఉండదు, మిగిలిన లిగ్నిన్ ఎండి బీటలు వేస్తుంది. అందుకే గోధుమ రంగు పెళ్లలు.

కర్ర రకం అన్నారు కదా. గోధుమకుళ్లు శిలీంధ్రాలు ఎక్కువగా పైన్, దేవదారు లాంటి శంకుధారి చెట్ల మీద ఉంటాయి. తెల్లకుళ్లువి ఎక్కువగా మామిడి, వేప, చింత లాంటి వెడల్పాకు చెట్ల మీద. ఇది ఖచ్చితమైన గీత కాదు, ఎక్కువ శాతం అంతే. మన విశాఖ చుట్టుపక్కల ఉన్నవి దాదాపు అన్నీ రెండో రకమే. బీచ్ పక్కన సరుగుడు తోటలు చూసి చాలామంది పైన్ జాతి అనుకుంటారు, ఆకు సూదిలా ఉంటుంది కనుక. కానీ సరుగుడు పూలు పూసే మొక్క, శంకుధారి కాదు.

మద్దిలపాలెం బయోకెమ్

మాస్టారు చెప్పినదానికి కొనసాగింపుగా, అసలు లిగ్నిన్‌ని విరగ్గొట్టడం ఎందుకంత కష్టమో రాస్తాను. నా చదువంతా దీని చుట్టూనే తిరుగుతోంది, అందుకే కాస్త పొడుగవుతుంది.

సెల్యులోజ్‌లో ఒకే రకం బంధం మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ బంధానికి సరిపోయే ఎంజైమ్‌లు, అంటే రసాయన చర్యలని నడిపే ప్రొటీన్లు, కొన్ని ఉంటే చాలు, కోసుకుంటూ పోతాయి. లిగ్నిన్ అలా కాదు. చెట్టు దాన్ని కట్టేటప్పుడే ఒక పద్ధతి ప్రకారం కట్టదు. చిన్న చిన్న వలయాకారపు అణువులని కణగోడలోకి వదులుతుంది, అవి రాడికల్స్‌గా, అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో దేనికైనా అతుక్కోవాలని చూసే అణువులుగా మారి, ఎలా తగిలితే అలా అతుక్కుంటాయి. ఫిషింగ్ హార్బర్‌లో చిక్కుపడిన వలల గుట్ట చూసే ఉంటారు, కొస ఎక్కడుందో తెలియదు, ఏ ముడికి ఆ ముడి వేరు. లిగ్నిన్ కూడా అంతే. ఒక ఆకారాన్ని గుర్తుపట్టి కోసే ఎంజైమ్‌కి ఇక్కడ పని లేదు.

తెల్లకుళ్లు శిలీంధ్రం పట్టిన దారి వేరు. అది బంధాన్ని వెతకదు. లిగ్నిన్ నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని లాగేస్తుంది. ఎలక్ట్రాన్ పోయిన వలయం నిలకడ కోల్పోతుంది, ఆ తరవాత బంధాలు వాటంతట అవే తెగుతాయి. ఎక్కడ తెగుతుందో ముందుగా చెప్పలేం, కానీ తెగుతుంది. దీన్ని ఎంజైమ్‌లతో జరిగే దహనం అని శాస్త్రవేత్తలు పిలిచారు. నిప్పు లేకుండా, మామూలు వేడి దగ్గర, తడి కర్రలో జరిగే దహనం అన్నమాట.

ఈ పని చేసే లిగ్నిన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ని 1983లో అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా బయటపెట్టాయి. మాడిసన్‌లోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో టియెన్, కర్క్. ఒరెగాన్‌లో గ్లెన్, గోల్డ్, వాళ్ల సహచరులు. రెండు చోట్లా వాడిన శిలీంధ్రం ఒకటే, ఫానెరోకీటి క్రైసోస్పోరియం. మరుసటి ఏడాదే మాంగనీస్ పెరాక్సిడేజ్ గురించి కూడా రాశారు. ఇవి పనిచేయాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. దాన్ని కూడా శిలీంధ్రమే వేరే ఎంజైమ్‌లతో తయారుచేసుకుంటుంది. అంటే ఆయుధమూ దానిదే, మందుగుండూ దానిదే!

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది మాంగనీస్ సంగతి. పాడవని కర్ర కణగోడలో సందులు ఎంత చిన్నవంటే ఈ ఎంజైమ్‌లు లోపలికి దూరలేవు. మరి లోపలి లిగ్నిన్‌ని ఎలా చేరతాయి? కర్రలో సహజంగా కాస్త మాంగనీస్ ఉంటుంది. మాంగనీస్ పెరాక్సిడేజ్ బయటే ఉండి ఆ మాంగనీస్ నుంచి ఎలక్ట్రాన్‌ని లాగుతుంది. శిలీంధ్రం వదిలిన ఆక్సలేట్ అనే చిన్న ఆమ్ల అణువు ఆ మాంగనీస్‌ని పట్టుకుని నిలకడగా ఉంచుతుంది. ఆ చిన్న జంట సందుల్లోంచి లోపలికి వెళ్లి లిగ్నిన్‌ని కొడుతుంది. పెద్దవాడు గడపలోనే ఆగి, చిన్నవాణ్ణి లోపలికి పంపుతున్నాడు.

అడవివరం తోట

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ, చాలా థ్యాంక్స్. ఒక్క డౌట్. ఇంత కష్టపడి లిగ్నిన్‌ని విరగ్గొట్టి దాన్నే తింటుందా?

మద్దిలపాలెం బయోకెమ్

మంచి ప్రశ్న మేడం. లిగ్నిన్ ఒక్కటే ఇస్తే ఈ శిలీంధ్రాలు బతకలేవు. దాన్ని విరగ్గొట్టడానికి అయ్యే ఖర్చుకి తగ్గ శక్తి రాదు. పక్కన చక్కెర ఏదో ఒకటి ఉండాలి. అసలు గురి సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ మీదే. లిగ్నిన్ వాటికి అడ్డుగా ఉంది కాబట్టి దాన్ని తొలగిస్తుంది.

ఇందులోనూ రెండు తీరులున్నాయి. ట్రామెటిస్ వర్సికలర్ లాంటివి మూడింటినీ కలిపి తినేస్తాయి. కొన్ని మాత్రం ముందు లిగ్నిన్‌ని తీసేసి సెల్యులోజ్‌ని చాలాకాలం ముట్టుకోవు. చిలీ దేశపు అడవుల్లో గానోడెర్మా జాతి పట్టిన మొద్దులు అలా తెల్లగా, మెత్తగా మారితే పశువులు వాటిని మేస్తాయి. కర్రని పశువు తినగలిగిందంటే లిగ్నిన్ ఎంతగా పోయిందో ఊహించండి.

పెందుర్తి పుట్టగొడుగులు

తమ్ముడూ, నీ పోస్టు చదివాక నా షెడ్డులో జరిగేది కొత్తగా కనిపిస్తోంది. మేం పెంచే ముత్యపు చిప్ప పుట్టగొడుగు కూడా తెల్లకుళ్లు జాతే కదా?

కొత్తవాళ్ల కోసం మా పద్ధతి రాస్తాను. వరిగడ్డిని చిన్న ముక్కలుగా కోసి రాత్రంతా నానబెడతాం. వేడినీళ్లలో ఉడికించి నీరు వాడ్చేస్తాం. పిడికిట్లో పట్టి పిండితే చేతికి తడి తగలాలి కానీ నీరు కారకూడదు. తరవాత ప్లాస్టిక్ సంచిలో గడ్డి ఒక పొర, విత్తనం ఒక పొర చొప్పున నింపి, రంధ్రాలు చేసి చీకటి గదిలో పెడతాం. రెండు మూడు వారాల్లో సంచి మొత్తం తెల్లటి దారాలు అల్లుకుంటాయి. అప్పుడు వెలుతురు, గాలి, తేమ ఇస్తే మొగ్గలు వస్తాయి. గాలి తక్కువైతే కాడలు సాగిపోయి గొడుగు చిన్నదవుతుంది. మన వైజాగ్ ఎండాకాలం దీనికి పనికిరాదు, అప్పుడు పాల పుట్టగొడుగుకి మారతాం.

పంట అయ్యాక మిగిలిన గడ్డి మెత్తబడిపోయి, చేత్తో లాగితే తెగిపోతుంది. ఇన్నాళ్లూ కుళ్లిపోయిందని అనుకునేవాణ్ణి. లిగ్నిన్ పోవడం వల్లేనా? పశువులకి పెట్టొచ్చా?

ఇంకోటి. ఎక్కువ దిగుబడి కోసం గడ్డిలో తవుడు, యూరియా కలపమని చెప్పేవాళ్లున్నారు. కలిపినప్పుడల్లా ఆకుపచ్చ బూజు వచ్చి సంచులు పోయాయి.

మద్దిలపాలెం బయోకెమ్

అవును అన్నా, మీరు పెంచేది ప్లూరోటస్, అసలైన తెల్లకుళ్లు శిలీంధ్రం. గడ్డి మెత్తబడటం లిగ్నిన్ ఒక్కటే పోయి కాదు, సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ కూడా కొంత తినేసింది. మీ పుట్టగొడుగుల బరువు వచ్చింది అందులోంచే. కాబట్టి మిగిలిన గడ్డిలో పోషకం పెరిగిందని లెక్కవేయకండి. బూజు పట్టిన సంచుల గడ్డి మాత్రం పశువులకి అస్సలు వద్దు. వర్మీకంపోస్ట్‌కి ఇవ్వడం మేలు.

యూరియా విషయం. కర్రలో నత్రజని చాలా తక్కువ. తెల్లకుళ్లు శిలీంధ్రాలు ఆ కరువులో బతకడానికి అలవాటు పడ్డాయి. వాటితో పోటీపడే బూజులకి అది చేతకాదు. మీరు నత్రజని పెంచగానే ఆ బూజులకి తలుపు తీసినట్టే. ల్యాబ్‌లో ఫానెరోకీటి అయితే నత్రజని అయిపోయాకే లిగ్నిన్ పని మొదలుపెడుతుంది. ప్లూరోటస్‌కి ఆ నియమం లేదు, నత్రజని ఉన్నా చేస్తుంది. అందుకని తవుడు అసలు వద్దని అనను. కానీ అది వేస్తే గడ్డిని ఇంకా గట్టిగా శుద్ధి చేయాలి. వేడినీళ్లు చాలవు, ఆవిరి పెట్టాలి.

సింగరేణి టు సాగరతీరం

నేను భూగర్భశాస్త్రం వైపు నుంచి వచ్చినవాణ్ణి. తెల్లకుళ్లు శిలీంధ్రాలు పుట్టకముందు చెట్లు కుళ్లేవి కావనీ, అందుకే బొగ్గు అంత పేరుకుందనీ, అవి పుట్టాక బొగ్గు ఏర్పడటం ఆగిందనీ వీడియోల్లో చాలా గట్టిగా చెప్తున్నారు. దీని మీద మాస్టారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

వృక్షశాస్త్రం మాస్టారు

దాని మూలం 2012లో వచ్చిన పరిశోధన. 31 శిలీంధ్రాల జన్యుసముదాయాలని పోల్చి, లిగ్నిన్ పెరాక్సిడేజ్‌లున్న తెల్లకుళ్లు పూర్వీకుడు సుమారు 29 కోట్ల ఏళ్ల కిందట ఉండేదని అంచనా వేశారు. అది కార్బోనిఫెరస్ యుగం, అంటే బొగ్గు విరివిగా పేరుకున్న యుగం, ముగిసే కాలానికి దగ్గర. బొగ్గు తగ్గడానికి ఇదీ ఒక కారణం కావచ్చని వాళ్లు సూచించారు. సూచనని వీడియోలవాళ్లు తీర్పుగా మార్చేశారు. 2016లో మరో బృందం దీన్ని గట్టిగా ఖండించింది. ఆ కాలపు బొగ్గు చిత్తడుల్లో పెరిగిన చాలా చెట్లలో లిగ్నిన్ తక్కువనీ, బొగ్గు పేరుకోవడానికి తడి వాతావరణమూ, నేల కుంగుతూ ఉండటమూ అసలు కారణాలనీ వాళ్ల వాదన.

మీ పేరులోనే దీనికి జవాబుంది. సింగరేణి బొగ్గు ఏ యుగానిది?

సింగరేణి టు సాగరతీరం

పర్మియన్. అంటే కార్బోనిఫెరస్ తరవాతది! గోదావరి లోయ బొగ్గే కాదు, మన దేశపు గోండ్వానా బొగ్గులో ఎక్కువ భాగం పర్మియన్‌దే. శిలీంధ్రం వచ్చాక బొగ్గు ఆగిపోయి ఉంటే మన గనులే ఉండకూడదు. ఇది నాకు తట్టలేదు మాస్టారూ, బలమైన ఆధారం.

భీమిలి బోటు

మా వాళ్ల చెక్క పడవల్లో ఒకటి గమనించాను. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే అడుగు చెక్క ఇలా తెల్లగా మెత్తబడదు. పైన డెక్కు దగ్గర, వాన నీళ్లు నిలిచే అతుకుల దగ్గరే మెత్తబడుతుంది. నీళ్లలోనే ఉన్నది ముందు పోవాలి కదా?

వృక్షశాస్త్రం మాస్టారు

వీటికి తడితో పాటు గాలి కావాలి బాబూ. పూర్తిగా నీట మునిగిన చెక్కలో ఆక్సిజన్ అందదు. పెరాక్సిడేజ్‌లకి కావలసిన పెరాక్సైడ్ తయారయ్యేది కూడా ఆక్సిజన్ నుంచే. పైగా ఉప్పునీరు వీటికి పడదు. వాన నీళ్లు మంచినీళ్లు, డెక్కు దగ్గర గాలికి కొదవ లేదు. అందుకే అక్కడ పోతుంది. అడుగు చెక్కకి శత్రువులు వేరు, చెక్కని తొలుచుకుంటూ పోయే సముద్రపు జీవులు. వాటిలో ఓడపురుగు (షిప్‌వార్మ్) చూడటానికి పురుగులా ఉంటుంది కానీ అది నత్త, ఆలుచిప్పల వర్గానికి చెందినది.

ఎంవీపీ కాలనీ నుంచి

హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబర్ 12న, మా వీధిలో పచ్చగా ఉన్న చెట్లు కూడా మొదలుకంటా కూలిపోయాయి. కొన్నిటి లోపల గుల్లగా ఉండటం కళ్లారా చూశాం. ఆకులు నిండుగా ఉన్న చెట్టు లోపల కుళ్లుతుందా?

వృక్షశాస్త్రం మాస్టారు

కుళ్లుతుంది. ఆ తుపానుకి ఆరోగ్యంగా ఉన్న చెట్లు కూడా వేలల్లో పోయాయి, అన్నిటికీ కుళ్లే కారణం అనను. కానీ చెట్టులో బతికి ఉండి నీళ్లు మోసేది బయటి చెక్క. లోపలి చేవ అంతా చచ్చిన కణాలే. కొమ్మ తప్పుగా నరికిన చోట, వేర్లు తెగిన చోట శిలీంధ్రం లోపలికి వెళ్లి ఏళ్ల తరబడి చేవని తింటుంది. చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది. మొదట్లో, వేర్ల దగ్గర గట్టిగా, చెక్కలాగ ఉండే పుట్టగొడుగు పుట్టిందంటే లోపల చాలా దూరం పాకిందని అర్థం. పుట్టగొడుగుని కొట్టి పారేస్తే లాభం లేదు. రోడ్డు పక్క చెట్టుకి అలా కనిపిస్తే తుపాన్ల కాలానికి ముందే, అంటే అక్టోబర్‌లోపు, కార్పొరేషన్ ఉద్యానవిభాగానికి చెప్పండి. సిమెంట్‌తో మొదలు బిగించేయడం, ఫుట్‌పాత్ కోసం వేర్లు నరకడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. శిలీంధ్రానికి దారి వేస్తున్నది మనమే.

కొబ్బరితోట ఉన్నవాళ్లకి ఒక మాట. కొబ్బరికి గానోడెర్మా పడితే మొవ్వు కింద కాదు, మొదట్లో కాండం నుంచి ఎర్రటి గోధుమ రంగు జిగురు కారుతుంది. అలా చచ్చిన చెట్టు మొద్దు, వేర్లు తోటలో ఉంచకండి, పక్క చెట్లకి మట్టిలోంచి వెళ్తుంది. మామిడి మొద్దులాంటివి మాత్రం, కొబ్బరికి దూరంగా ఉంటే, అక్కడే వదిలేయండి. కంబాలకొండ అడవిలో పడిన చెట్టుని ఎవరూ ఎత్తుకెళ్లరు, ఆ మట్టి చూడండి ఎలా ఉంటుందో. అన్నట్టు, మొద్దు మీదవి ఏవీ వండుకోకండి. తెలియని పుట్టగొడుగు తినడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే.

ఏటికొప్పాక లక్క

మేం అంకుడు కర్రతో బొమ్మలు చేస్తాం. అంకుడు అసలే తెల్లటి కర్ర. ఆరబెట్టడం ఆలస్యమైతే కొన్ని దుంగల్లో నల్లటి సన్నగీతలు వస్తాయి, పెన్నుతో గీసినంత సన్నం. కొన్నిటికి గీతలు కాకుండా నీలం, బూడిద రంగు మరకలు పరుచుకుంటాయి. రెండూ ఒకటేనా? తెల్ల కర్రలో తెల్లకుళ్లు ఎలా కనిపెట్టాలి?

మద్దిలపాలెం బయోకెమ్

ఒకటి కాదండీ. నీలి మరక వేసే బూజు చెక్కలో నిలవున్న చక్కెర, పిండి తింటుంది. కణగోడని పెద్దగా ముట్టుకోదు, కాబట్టి బలం దాదాపు అలాగే ఉంటుంది. సన్నటి నల్లగీత అలా కాదు. ఒకే దుంగలో రెండు తెల్లకుళ్లు శిలీంధ్రాలు ఎదురుపడితే, ఒకదాన్నొకటి రానివ్వకుండా మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థంతో గోడ కట్టుకుంటాయి. మీరు చూసే గీత ఆ గోడ అంచు. విదేశాల్లో టర్నింగ్ పనివాళ్లు ఆ గీతల అందం కోసం కావాలనే కర్రని కొన్నాళ్లు కుళ్లబెట్టి, సరైన సమయంలో ఆరబెట్టి ఆపేస్తారు. కానీ గీత ఉందంటే కుళ్లు మొదలైనట్టే, మీ బొమ్మల సన్నటి భాగాలకి అది వాడకండి.

తెల్ల కర్రలో రంగు చూసి చెప్పలేం. బరువు చూడండి. అదే సైజు ఆరిన దుంగ తేలిగ్గా ఉంటే అనుమానించాలి.

గాజువాక వడ్రంగి

ఇంకో రెండు పరీక్షలు మావి. దుంగ చివర సుత్తితో కొడితే మంచి కర్ర ఖంగుమంటుంది, కుళ్లింది మొద్దుగా మోగుతుంది. ఉలి మొనతో చిన్న పేడు లేపితే మంచిది పొడుగ్గా చీలుతుంది, కుళ్లింది టక్కున పొట్టిగా తెగుతుంది.

బయోకెమ్ తమ్ముడూ, ఎంత ఆరితే సేఫ్?

మద్దిలపాలెం బయోకెమ్

కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే ఈ శిలీంధ్రాలు పెరగలేవు అన్నా. బాగా పెరగాలంటే 30 శాతం దగ్గరో, ఆ పైనో ఉండాలి. వైజాగ్ గాలి ఎంత తేమగా ఉన్నా, చూరు కింద ఉన్న కర్రని గాలి ఒక్కటే ఆ స్థాయికి తీసుకెళ్లదు. నీళ్లు నేరుగా తగలాలి, లేదా నేలలోంచి పీల్చుకోవాలి. కాబట్టి గుమ్మం కాళ్లని గచ్చులో పాతకండి. అడుగున రాయి పెట్టి దాని మీద నిలబెట్టండి, కోసిన కొసలకి రంగు తప్పకుండా వేయండి, నీరు ఎక్కువ పీల్చేది కొసల్లోంచే. పచ్చి కర్రకి రంగు వేస్తే మాత్రం లోపలి నీరు బయటికి రాదు, కుళ్లుకి మీరే సాయం చేసినట్టు. అంకుడు దుంగలకి నరికిన వెంటనే బెరడు తీసేయండి. నేల మీద పెట్టకుండా, మధ్యమధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేలా నీడన పేర్చండి.

ఏటికొప్పాక లక్క

బెరడు తీస్తే ఎండకి పగుళ్లు వస్తాయని చాలామంది ఉంచేస్తున్నారు. నీడన పేర్చి, కొసలకి మైనం పూస్తే సరిపోతుందా?

గాజువాక వడ్రంగి

సరిపోతుంది. పగుళ్లు ఎక్కువగా కొసల్లోంచే మొదలవుతాయి. నరికిన రోజే పూయాలి, మర్నాటికి ఆలస్యమే. వానాకాలంలో నరకడం మానుకోగలిగితే ఇంకా మంచిది.